గుర్రమెక్కిన పొదుగు కోడి

గోదారి సముద్రంలో కలిసే ముందు కాస్త బద్ధకించి, పాయలుగా విడిపోయి, ఎక్కడపడితే అక్కడ ఇసుక మేటలు వేసే చోట గవ్వలలంక అని ఓ లంక ఉంది. ఎండాకాలమంతా మనుషులు అక్కడ పుచ్చకాయలు పండిస్తారు. వానలు మొదలవగానే పడవలెక్కి గట్టుకి వెళ్ళిపోతారు. వెళ్ళేటప్పుడు కోళ్ళని గంపల్లో పెట్టుకుని తీసుకెళ్తారు. ఆ ఏడాది ఒక్క కోడి మాత్రం దొరకలేదు. దాని పేరు నూకాలు.

ఇందులో నూకాలు తప్పు కూడా ఉంది. గూట్లో గుడ్లు పెడితే మనుషులు అట్టేసుకుంటున్నారని, రెల్లుదుబ్బుల్లోకి పోయి చాటుగా పదకొండు గుడ్లు పెట్టి, వాటి మీద కూర్చుంది. ఎంత పిలిచినా పలకలేదు. పడవలు వెళ్ళిపోయాక లంకలో మిగిలింది నూకాలు, పడవలో పట్టని ముసలి ఎద్దు పోలయ్య, జట్కా లాగి లాగి రిటైరైపోయిన గులాబి అనే గుర్రం, ఓ ఆరు బాతులు, ఎవరూ పిలవకపోయినా ఉండే నక్క కనకయ్య.

నూకాలు పొదుగుకి కూర్చున్న పద్నాలుగో రోజున పోలయ్య నీళ్ళు తాగడానికి ఏటికెళ్ళి, తాగకుండా తిరిగొచ్చాడు.

“ఎర్రనీరు వచ్చేసిందర్రా,” అన్నాడు నెమరు ఆపకుండానే. “ఇంకో ఐదారు రోజుల్లో వరద లంక మీద నించి పోద్ది. చీమలు గుడ్లెత్తుకుని తాటిచెట్టు ఎక్కేత్తన్నాయి. సర్దుకోండి.”

బాతులకి సర్దుకోవడానికి ఏమీ లేదు. ఎద్దుకి ఈత వచ్చు. గుర్రానికి కాళ్ళున్నాయి. కనకయ్య ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోగలడు. ఇన్నాళ్ళూ వెళ్ళకపోవడానికి ఆయనకి పదకొండు కారణాలున్నాయి.

“మరి నా గుడ్లు?” అంది నూకాలు. “పిల్లలవడానికి ఇంకా ఏడు రోజులుంది తాతా. వరదని ఓ రెండ్రోజులు ఆగమనకూడదా?”

“నేను చెబితే గోదారి ఇంటదేంటే పిచ్చిదానా.”

లంక నుంచి గట్టుకి కాలినడకన ఒక్కటే దారి. పాటు తీసినప్పుడు, అంటే సముద్రం తన నీళ్ళు తను వెనక్కి లాక్కున్నప్పుడు, పాయలో ఇసుక తేలుతుంది. రెండు క్రోసుల దూరం. మళ్ళీ పోటు వచ్చేలోగా దాటెయ్యాలి. ఎద్దు నడక నడిస్తే సగం దారిలోనే పోటు తగులుకుంటుంది. ఎద్దు ఈదగలడు గానీ గుడ్లు ఈదలేవు. గుర్రం దౌడు తీస్తే టైముకి చేరొచ్చు. కాకపోతే చేరేది గుడ్లు కాదు, అట్టు.

ఈ మాటలన్నీ గులాబి ఒంటికాలు ఎత్తి నిలబడి వింది. పన్నెండేళ్ళు బస్టాండు దగ్గర నిలబడిన అలవాటు అది.

“నడక్కీ దౌడుకీ మజ్జెన ఇంకోటుంది,” అంది. “జట్కా తోలే మా సాయిబు దాన్ని దుల్కీ అనేవోడు. దుల్కీలో పోతే పోటుకంటే ముందే గట్టెక్కుతాం. కాకపోతే ఎగరేత్తది.”

“ఎవర్ని?”

“ఈపు మీద కూకున్నోళ్ళని.”

దుల్కీలో గుర్రం మూలమూల కాళ్ళు జతగా వేస్తుంది. ముందు కుడిదీ వెనక ఎడమదీ ఓసారి, ముందు ఎడమదీ వెనక కుడిదీ ఇంకోసారి. అడుగడుక్కీ వీపు లేచి పడుతుంది. గంపని ఎంత బిగించి కట్టినా లోపల గుడ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. రెండు మురిగిన బాతుగుడ్లు పెట్టి చూశారు కూడా. ఆ వాసన మాట గులాబి దగ్గర ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. గుడ్లు బతికి బట్టకట్టాలంటే ఎవరో ఒకరు వాటిని కాచుకుంటూ, గుర్రం వీపు లేస్తే తామూ లేస్తూ, పడితే తామూ పడుతూ, అతుక్కున్నట్టు కూర్చోవాలి.

“నేను కూర్చుంటాను,” అని రెల్లులోంచి వినబడింది.

కనకయ్య బయటికొచ్చి, తోక చుట్టూ తిప్పుకుని, పెద్దమనిషిలా నిలబడ్డాడు. “గంప ఒళ్ళో పెట్టుకుని, చంటిబిడ్డని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తాను. నూకాలమ్మ హాయిగా పోలయ్యగారి వీపు మీద వెనకాల వస్తుంది. నేను నీచు మానేసి నలభై రోజులైంది.”

“పోయిన వారం పీతని తిన్నావుగా మావా?” అంది ఓ బాతు.

“పీత నీచు కిందకి రాదమ్మా. పైన డిప్ప ఉంటుంది కదా, అది కాయ కింద లెక్క.”

“గుడ్డుకీ ఉంటది డిప్ప.”

అందరూ పోలయ్య వైపు చూశారు. పోలయ్య ఇరవై ఏళ్ళు గానుగ తిప్పినవాడు. ఏ సంగతైనా చుట్టూ తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆలోచిస్తాడు. తీర్పు చెప్పడమంటే మాత్రం ప్రాణం.

“ఎవరు మంచోళ్ళు, ఎవరు చెడ్డోళ్ళు అన్నది మనకొద్దు,” అన్నాడు. “పరీచ్చ పెడదాం. గుర్రం ఈపు మీద బాదం ఆకు ఎయ్యాలి. దాని మీద కూకోవాలి. దుల్కీలో మూడు చుట్లు. ఎవరి కింద ఆకు జారకుండా ఉంటదో గంప ఆళ్ళ చేతికి. ఎవరి ఆకు ఆళ్ళు తెచ్చుకోండి. ఐదో రోజు పొద్దున్నే, పాటు తీసేముందు. ఆయ్.”

“తాతా! ఆడు నక్క తాతా. దొంగ చేతికి తాళాలిత్తావా?”

“పరీచ్చలో నక్కా కోడీ ఉండవమ్మా. కూకోడమే ఉంటది.”

నూకాలుకి ఏడుపొచ్చింది. గుడ్లు చల్లారిపోతాయని ఏడుపు మధ్యలోనే ఆపి, గూటికి పరిగెత్తింది.

పొదిగే కోడికి రోజుకి ఒక్కసారే సెలవు. లేచి, నాలుగు గింజలు ఏరుకుని, రెండు గుక్కలు తాగి, గుడ్లు చల్లారేలోగా వచ్చి కూర్చోవాలి. ఆ కాస్త సెలవులోనే నూకాలు గింజలు మానేసి గుర్రమెక్కడం నేర్చుకోవాల్సి వచ్చింది.

మొదటి రోజు గులాబి నాలుగడుగులు దుల్కీ వేసేసరికి నూకాలు భయపడి గోళ్ళతో పట్టుకుంది. గులాబి నిలువునా ఆగిపోయింది. నూకాలు మాత్రం ఆగలేదు. వెళ్ళి ఇసుకలో పడింది.

“గోళ్ళేంటే, గోళ్ళు?” అంది గులాబి. “అది నా ఈపా, పెంటకుప్పా?”

“పట్టుకోపోతే పడిపోతానక్కా.”

“పట్టుకునే పడ్డావు కదా.”

నూకాలు ఇసుక దులుపుకుంది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. సెలవు అయిపోయింది. అది గూటికి పరిగెత్తబోతుంటే గులాబి చక్కగా ఇసుక మేట మీదకి నడిచి, మోకాళ్ళు మడిచి, ధడేలుమని పడుకుని, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి దొర్లడం మొదలెట్టింది. అటు మూడు, ఇటు మూడు.

“ఏమైందక్కా? మూర్ఛా?”

“మూర్ఛా లేదు, నా మొహమూ లేదు. పని అయితే ఇసక. పన్నెండేళ్ళు బండి ఇప్పంగానే మా సాయిబు నన్ను ఇసకలోకి తోలేవోడు. చెమటారద్ది, నడుం తేలికౌద్ది. ఇప్పుడు తోలేవోళ్ళు లేకపోయినా దుల్కీ అయిందంటే నా కాళ్ళు అటే పోతాయి. ఎవరు ఆపినా ఆగవు.”

కనకయ్య ఇదంతా చూడలేదు. కోడి కింద పడేంతవరకూ రెల్లులోంచి చూసి, అక్కడితో ఆట అయిపోయిందనుకుని వెళ్ళిపోయాడు.

రెండో రోజు నూకాలు గోళ్ళు ముడుచుకుని, దానికి బదులు రెక్కలు కొట్టింది. ప్రతి అడుక్కీ జానెడు లేచింది, జానెడున్నర పడింది.

“ఎగరాలంటే నేల మీదే ఎగరొచ్చు కదే,” అంది గులాబి. “దానికి గుర్రమెందుకు?”

మూడో రోజు రెక్కలు కూడా కొట్టకూడదని ఒట్టు పెట్టుకుని, ఒళ్ళంతా కర్రలా బిగబట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇది మరీ అన్యాయంగా ఉంది. ఏడుసార్లు పడింది. ఏడోసారి తల మీది తుర్రాయి ఇసుకలో గుచ్చుకుని, కాసేపు తలకిందులుగా ఉండిపోయింది.

గులాబి దగ్గరికొచ్చి మూతితో నిలబెట్టింది. కోప్పడలేదు.

“ఇంటావా ఒక మాట? నా బండిలో ఎందరో ఎక్కారు. ఓ బియ్యం కొట్టు షావుకారు ఉండేవోడు, మూడు బస్తాల మనిషి. ఎక్కంగానే కునుకు తీసేవోడు. గతుకుల్లో బండి అదిరిపోతన్నా ఆయన బొజ్జ ఊగేదే గానీ ఆయన ఎగిరేవోడు కాదు. ఓ డ్రిల్లు మేష్టారు ఉండేవోడు, గడకర్రలాంటి మనిషి. పడతానేమోనని రెండు చేతుల్తో బండి పట్టుకుని బిగుసుకునేవోడు. ఆయనకి ప్రతిసారీ టాపు తగిలేది తలకి. బిగుసుకున్నోణ్ణి దుల్కీ బంతిలా ఆడిత్తది.”

“అయితే నిద్రపొమ్మంటావా?”

“నేనేం చెప్పగలనే. నేను కింద ఉండేదాన్ని, నాకు తెలిసేది బరువు ఒకటే. పైన ఎట్టా కూకోవాలో మా సాయిబుకీ తెల్దు. ఆయన ముందు పలక మీద నిలబడేవోడు.”

అక్కడికి కాస్త దూరంలో కనకయ్య ఇటు వీపు పెట్టి తుమ్మచెట్టు మొదలు దగ్గర ఏదో గీకుతున్నాడు.

“నువ్వు నేర్చుకోవా మావా?” అని అడిగింది నూకాలు, వెళ్తూ వెళ్తూ.

“పుట్టుకతో వచ్చినవాటిని నేర్చుకోవడం ఏంటమ్మా?”

“మరి అక్కడేం చేత్తన్నావు?”

“పళ్ళు తోముకోవడానికి పుల్ల,” అన్నాడు కనకయ్య. చేతిలో పుల్ల లేదు. చిప్ప ఉంది.

నూకాలుకి అదేం పట్టలేదు. మూడు రోజులుగా తిండి లేదు, తుర్రాయి మండుతోంది, ఎల్లుండి పొద్దున్నకి తన గుడ్లు నక్క ఒళ్ళో ఉంటాయి. ఏడుస్తూనే గూటికొచ్చి, అలవాటు కొద్దీ గుడ్ల మీదకి దిగింది.

పొదిగే కోడి ధబీమని కూర్చోదు. ముందు కాళ్ళు గుడ్ల సందుల్లో పెడుతుంది. రొమ్ము ఈకలు విప్పుతుంది. ఒళ్ళు అటోసారి ఇటోసారి కదిపి, ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరితో పాటే బరువు కొంచెం కొంచెంగా దిగుతుంది, గుడ్డుకి తగిలేంత, గుడ్డు పగలనంత. కింద గుడ్డు ఓ పక్కకి దొర్లితే ఆ పక్క ఒళ్ళు కూడా దానితోనే దిగుతుంది. దేన్నీ పట్టుకోదు, దేన్నీ వదిలిపెట్టదు. ఇన్ని చేస్తున్నట్టు దానికే తెలియదు.

సగం దిగాక నూకాలు ఆగిపోయింది. లేచింది. మళ్ళీ దిగింది, ఈసారి తనెలా దిగుతోందో చూసుకుంటూ. కింద ఓ గుడ్డులో ఏదో కదిలింది.

“ఓసి నా మొద్దు మొహమా,” అనుకుంది. “పదిహేడు రోజుల్నించీ నేను చేసే పని ఇదేగా!”

నాలుగో రోజు గుర్రం ఎక్కగానే, “అక్కా, నువ్వు గుడ్డువి,” అంది.

“ఏంటే?”

“ఏం లేదు. నడు.”

గులాబి దుల్కీ అందుకుంది. నూకాలు కాళ్ళు వదులు చేసి, ఈకలు విప్పి, ఊపిరి వదిలింది. ఎడమ పక్క వీపు లేస్తే తన ఎడమ పక్క లేచింది. కుడి పక్క దిగితే తన కుడి పక్క దిగింది. మధ్యలో రెండుసార్లు భయమేసి బిగుసుకుంది, రెండుసార్లూ ఎగిరింది, మళ్ళీ ఊపిరి వదిలి దిగింది. రెండో చుట్టు సగంలో గులాబి మెడ తిప్పి అడిగింది.

“ఎప్పుడు పడ్డావే? చప్పుడు ఇనపడలేదు.”

“పడలేదక్కా, ఇక్కడే ఉన్నాను.”

గులాబి ఇంకో పది అడుగులు దుల్కీ వేసింది. “పన్నెండేళ్ళలో ఇట్టాంటి సవారీ ఒక్కటి దొరికితే నా నడుం ఇట్టా అయ్యేది కాదే,” అంది ఆఖరికి. సంతోషం పట్టలేక నూకాలు ఇంకోసారి పడింది.

ఐదో రోజు పొద్దున్నే లంకంతా ఇసుక మేట దగ్గర చేరింది. లంకంతా అంటే పైన చెప్పిన వాళ్ళే. ఏరు ఎర్రగా, చిక్కగా పొంగుతోంది. కానీ పాటు తీసే వేళ దగ్గరపడడంతో పాయ వైపు నీళ్ళు కిందకి దిగుతున్నాయి. పుచ్చతోటలో మనుషులు వదిలేసిపోయిన గంపలో రెల్లు పరిచి, నూకాలు తన గుడ్లు ముక్కుతో ఒక్కొక్కటీ దొర్లించి పెట్టుకుంది. పైన గోనెపట్టా కప్పింది.

“పెద్దవాణ్ణి కదా, ముందు నేను,” అన్నాడు కనకయ్య.

ఆయన తెచ్చుకున్న బాదం ఆకు నిగనిగలాడుతోంది, రెండు వైపులా. ఎవరూ దగ్గరికి రాకముందే దాన్ని గులాబి వీపు మీద వేసి, పైన కూర్చుని, ఇంత నొక్కి, “నడవమ్మా,” అన్నాడు.

గులాబి దుల్కీ వేసింది. కనకయ్య తల ముందుకీ వెనక్కీ ఊగింది. చెవులు టపటపా కొట్టుకున్నాయి. పళ్ళు కటకటలాడిన చప్పుడు బాతులకి వినిపించింది. కానీ నడుము కింద మాత్రం ఆయన ఒక్క వెంట్రుక కదల్లేదు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. ఎండ చురుక్కుమంటోంది.

పోలయ్య తల వంచి గుర్రం వీపు చూశాడు. “ఆకు జారలేదు,” అన్నాడు. “ఇప్పుడు నూకాలు వంతు. దిగు కనకయ్యా.”

“దిగడం దేనికి?” అన్నాడు కనకయ్య. “అటు చూడండి, పాటు తీసేసింది. నూకాలమ్మ కూడా మూడు చుట్లూ తిరిగే లోపు పోటు వచ్చేస్తుంది. నేనెలాగూ ఎక్కే ఉన్నాను. గంప ఇలా అందించెయ్యండి, బయల్దేరతాను.”

పోలయ్య ఈ మాట చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. “అదీ నిజమే,” అన్నాడు.

రెండు బాతులు వెళ్ళి గంప చెరో పక్కా పట్టుకున్నాయి. నూకాలు గంపకేసి అడుగు వేసి, ఆగింది. కనకయ్య వైపు చూసింది. మొన్నటి నూకాలైతే కదలకుండా కూర్చున్న నక్కని చూసి కుళ్ళుకునేది. ఇవాళ్టి నూకాలుకి గుర్రం మీద కూర్చోవడం అంటే ఏమిటో తెలుసు. ఈగ వాలి గులాబి ఒళ్ళు జలదరించినప్పుడు కనకయ్య ఒళ్ళు వీపుతో పాటు కదల్లేదు. కనకయ్య ఇటు తిరిగినప్పుడు మాత్రం గులాబి వీపు తోలు ఆయనతో పాటు ముడతపడి లేచింది. తోక మొదట్లో ఎండకి గట్టిపడిన తుమ్మబంక అద్దపు పెంకులా మెరుస్తోంది.

నూకాలుకి అంతా అర్థమైంది. అరవబోయి, ఆగింది. అరిస్తే పోలయ్య దాని మీద ఇంకో పరీక్ష పెడతాడు.

“గెలిచావు మావా,” అంది. “కాదనను. కానీ అక్కకి పని అయింది కదా. ఇసకలోకి పోవాలి. నువ్వు ఒక్క నిమిషం దిగితే అది దొర్లి వచ్చేత్తది. అప్పుడు గంప కడతారు.”

కనకయ్య నవ్వాడు. “నేను దిగడం, నువ్వు ఎక్కి కూర్చోవడం. ఎవరికి చెప్తున్నావమ్మా కబుర్లు?”

“నిజంగానే మావా. దుల్కీ అయితే అక్క ఆగదు.”

“అది నిజమే,” అంది గులాబి. “చెమట మీద గంప కడితే నా ఈపు పుండవుద్ది. నా కాళ్ళు లాగేత్తన్నాయి కూడా. దిగండి.”

“నాకు ఇక్కడే సౌకర్యంగా ఉంది.”

“దిగు కనకయ్యా,” అన్నాడు పోలయ్య. “గెలిచినోడివి, కాసేపు నీడన కూకో. బాతులు నీకోసం చేపలు కూడా తెచ్చాయి.”

కనకయ్య చేపల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. “ఆకలి లేదు,” అన్నాడు. నక్క నోట ఆ మాట వినడం లంకలో అదే మొదటిసారి.

“మావా,” అంది నూకాలు, ఈసారి నిజంగానే జాలేసి. “మూడోసారి చెప్తన్నాను. దిగు.”

“దిగను.”

దిగలేను అని ఉంటే పోలయ్య ఏదో ఒకటి చేసేవాడు. బాతులు నీళ్ళు తెచ్చి తడిపేవి. కానీ కనకయ్య ఆ మాట అనలేదు. అందరూ ఆగారు. గులాబి ఆగలేదు. చక్కగా ఇసుక మేట మీదకి నడిచి, మోకాళ్ళు మడిచింది.

“ఏం చేస్తోందిది? అమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు?”

“ఇసక,” అంది గులాబి.

అటు మూడు దొర్లింది. ఇటు మూడు దొర్లింది. ఎప్పటికంటే తొందరగానూ లేదు, ఆలస్యంగానూ లేదు. మొదటిదానికి కనకయ్య అరిచాడు. రెండోదానికి సగం అరిచాడు. మూడోదాని నుంచీ ఏమీ వినపడలేదు. ఆరు అయ్యాక గులాబి లేచి, ఒళ్ళు దులుపుకుని, నిలబడింది. ఇసుకలో అచ్చం నక్క ఆకారంలో ఓ గుంట పడింది, అందులో కనకయ్య ఉన్నాడు. వెనక భాగంలో బొచ్చు లేదు. ఆ బొచ్చు గులాబి వీపు మీద, బాదం ఆకుకి అంటుకుని ఉంది.

పోలయ్య దగ్గరికొచ్చి పరిశీలనగా చూశాడు.

“ఆకు ఇంకా జారలేదు,” అన్నాడు. “కూకున్నోడే జారాడు. దీనికి తీర్పు ఏటో ఆలోచించాలి.”

“నువ్వు ఆలోచిత్తా ఉండు తాతా,” అంది నూకాలు. “నేను పోయొత్తాను.”

బాతులు వీపు మీద మిగిలిన బంకని ముక్కులతో పీకేశాయి. గులాబి పడుకుంటే గంప వీపు మీద పెట్టి, రెల్లు తాడుతో పొట్ట చుట్టూ కట్టాయి. నూకాలు గంపలోకి ఎక్కి, గోనెపట్టా తీసేసి, కాళ్ళు సందుల్లో పెట్టి, ఈకలు విప్పి, ఊపిరి వదిలింది. పరీక్ష రాయకుండానే అది పాయలోకి దిగింది.

మొదటి క్రోసు బాగానే సాగింది. గులాబి గిట్టల కింద తడి ఇసుక తపతపమంటోంది. రెండో క్రోసులో సముద్రం వైపు నుంచి తెల్లటి గీత కనబడింది. పైన వరద తోస్తోంది, కింద పోటు ఎగదన్నుతోంది. రావాల్సిన టైముకంటే ముందే వచ్చేసింది. నీళ్ళు గిట్టలు దాటాయి.

“నూకాలూ, జోరు పెంచుతన్నాను,” అంది గులాబి. “దౌడు కాదులే, దుల్కీయే. కానీ పెద్దది.”

వీపు ఇంతెత్తున లేచింది. నూకాలుకి తెలియకుండానే ఒళ్ళంతా బిగుసుకుంది, ఎగిరింది, ఎగిరి పడినప్పుడు కింద ‘టక్’మని చప్పుడైంది. ఒక గుడ్డు ఇంకో గుడ్డుకి తగిలింది. పగిలిందో లేదో చూడ్డానికి లేదు. లేస్తే అన్నీ పోతాయి. ఆ క్షణంలో నూకాలుకి నీళ్ళంటే కాదు, తన ఒళ్ళంటేనే భయమేసింది.

“అక్కా, పడిపోతానేమో!”

“నువ్వు పడవు. గుడ్ల మీద కూకుని పడిన కోడిని నేను చూడలేదు.”

నూకాలు నీళ్ళ వైపు చూడడం మానేసింది. గట్టు ఎంత దూరముందో చూడడం కూడా మానేసింది. కింద పదకొండు వెచ్చదనాలు ఉన్నాయి. వాటి మీద ఊపిరి వదిలింది. మళ్ళీ వదిలింది. బరువు దిగింది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. లేస్తే లేచింది, పడితే పడింది. మోకాళ్ళ దాకా నీళ్ళు చిమ్ముకుంటూ గులాబి పరిగెత్తుతోంటే, పైన గంపలో నూకాలు తన రెల్లుదుబ్బులో కూర్చున్నట్టే కూర్చుంది. అలా ఎంతసేపు పోయారో దానికి తెలియదు. గిట్టల చప్పుడు మారి, కింద మట్టి తగిలినప్పుడు కళ్ళు తెరిచి చూస్తే గట్టు.

వెనక్కి తిరిగితే లంకకీ గట్టుకీ మధ్య ఇసుక లేదు. పోలయ్య తల ఒకటి ఈదుకుంటూ వస్తోంది. దాని వెనక ఆరు బాతులు, ఆ వెనక ఎద్దు తోక పట్టుకుని కనకయ్య. ఎంతైనా పోలయ్య న్యాయమైనవాడు.

బాతులు గట్టెక్కాక గులాబి వాటి చేత నూకాలు గంప దింపించుకుని, గట్టు మీద ఇసుక ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు లంక మునిగింది. ఆ పై రోజు గుడ్లు పగిలాయి. పదకొండులో పది పిల్లలయ్యాయి. ‘టక్’మన్నది పదకొండోదే. నూకాలు దాని డిప్పని రెండు రోజులు గంపలోంచి తియ్యనివ్వలేదు. తర్వాత తనే తీసి, గట్టు మట్టిలో కప్పెట్టి, మిగతా పదింటికీ గింజలు చూపించడానికి తీసుకెళ్ళింది. వారం తర్వాత అది కడుపునిండా తిన్న మొదటి పూట అదే.

అటుగా వెళ్తూ కనకయ్య ఆగాడు. గులాబి పక్కనే మేస్తోంది గనక కాస్త దూరంలోనే ఆగాడు.

“పిల్లలు ముద్దుగా ఉన్నారమ్మా.”

“నీ దయ మావా. నిలబడిపోయావేంటి, కూకో.”

“పరవాలేదమ్మా,” అన్నాడు కనకయ్య. “నిలబడతాను.”

కుదిరి కూర్చున్నవాడు కావాలన్నప్పుడు దిగుతాడు. అంటించుకుని కూర్చున్నవాడు దొర్లించినప్పుడు దిగుతాడు.